రంగు సరే, తలుపు సంగతేంటి?

1932లో ఫోర్డ్ కంపెనీ వీ8 ఇంజిన్‌తో అమ్మిన కారు తలుపులో ఒక్క వైరు కూడా ఉండేది కాదు. అద్దం దించాలంటే చేత్తో హ్యాండిల్ తిప్పాల్సిందే. అమెరికాలో పాత కార్లను మార్చి నడిపే హాట్‌రాడ్ పిచ్చికి మూలవిరాట్టు లాంటిది ఆ కారు. దాన్నో, దాని అచ్చులో పోసిన ఫైబర్‌గ్లాస్ బాడీనో తీసుకుని అక్కడి ఔత్సాహికులు ఇవాళ పవర్ విండోలు, సెంట్రల్ లాక్, స్పీకర్లు, తలుపు తీయగానే వెలిగే దీపాలు బిగిస్తున్నారు. సరుకైతే తలుపులోకి చేరింది. దానికి కరెంటు ఏ దారిన రావాలి, ఆ తలుపు ఎంతవరకు తెరుచుకోవాలి అన్న ప్రశ్నలు మాత్రం చాలా గ్యారేజీల్లో చివరికి మిగిలిపోతాయి. కస్టమ్ కార్ల ముచ్చటంతా రంగు, చక్రాలు, ఇంజిన్ చుట్టూ తిరుగుతుంది. పనితనం బయటపడేది తలుపు బందుల దగ్గర.

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన చాలా కార్లకు తలుపుకీ పిల్లర్‌కీ మధ్య చిన్న ఉక్కు పట్టీ ఉంటుంది. తలుపు సగంలో నిలబడేది, చివర ఆగేది దానివల్లే. కస్టమ్ కారులో బందులు మారతాయి, తలుపు తిరిగే తీరు మారుతుంది, పాత పట్టీ సరిపోదు. ‘తర్వాత చూద్దాంలే’ అని వదిలేస్తారు. తర్వాత చూసేది గాలి. ఒక్క విసురుకు తలుపు వెనక్కి వాలి, ఎంతో ఖర్చుపెట్టి రంగేసిన మడ్‌గార్డుకు సొట్ట పెడుతుంది. ఆ ఫోర్డులోనే మూడు కిటికీల కూపేకి బందులు వెనకవైపు ఉంటాయి. అలాంటివాటికి అమెరికన్లు పెట్టుకున్న పేరు ‘సూసైడ్ డోర్స్’. కారు పరుగులో ఉండగా గడియ ఊడితే ఎదురుగాలే ఆ తలుపును లాగి పారేస్తుంది కాబట్టి అది వట్టి హాస్యం పేరు కాదు.

పట్టీ ఎక్కడో ఒకచోట బిగిస్తే చాలదు. లెక్క చూడండి. తలుపు వెడల్పు మీటరు, పట్టీ బిగించింది బందుకు 8 సెంటీమీటర్ల దూరంలో అనుకుందాం. పూర్తిగా తెరుచుకున్న తలుపు చివర ఎవరైనా 10 కిలోల బలంతో ఆనుకుంటే పట్టీ మీద పడేది 125 కిలోలు. మిల్లీమీటరు పైచిలుకు మందం రేకుకు ఉత్త బోల్టుతో బిగిస్తే అది కొన్నాళ్లకే చిరుగుతుంది. ఫైబర్‌గ్లాస్ అయితే నలిగి పొడి రాలుతుంది. లోపలివైపు వెడల్పాటి ఇనుప బిళ్ల పెట్టి బిగిస్తేనే ఆ బరువు పంచుకుంటుంది. పట్టీ తోలుదైనా, నైలాన్‌దైనా, పాత కారు నుంచి ఊడదీసిందైనా ఈ బిళ్ల విషయంలో రాజీ కుదరదు.

ఇక వైరు. పిల్లర్‌లో ఒక రంధ్రం, తలుపులో ఒక రంధ్రం చేసి దూర్చేస్తే పని అయిపోయినట్టే కనిపిస్తుంది. రేకు అంచు కత్తిలాంటిది, తలుపు తీసి వేసిన ప్రతిసారీ వైరు పైతొడుగును కాస్త కాస్త కోస్తుంది. ఇప్పటి కార్లలో రేకు బాడీ మొత్తం బ్యాటరీ నెగెటివ్‌కు కలిసే ఉంటుంది కాబట్టి, లోపలి రాగి ఆ రేకుకు తగిలిన క్షణం షార్ట్ సర్క్యూట్. ఫ్యూజు ఉంటే అది పోతుంది, లేకపోతే వైరే కాలుతుంది. అందుకే రంధ్రానికి రబ్బరు గ్రోమెట్, రెండు రంధ్రాల మధ్య ముడతల రబ్బరు గొట్టం. రంధ్రాలు సరిగ్గా ఎదురెదురుగా ఉంటే తలుపు మూసినప్పుడు వైరు మడత పడుతుంది. ఒకటి పైకి, ఒకటి కిందికి జరిపితే మడతకు బదులు మెలి తిరుగుతుంది. మెలిని సన్నపోగుల వైరు ఏళ్ల తరబడి ఓర్చుకుంటుంది, మడతను ఓర్చుకోదు. లోపల పోగులు తెగిన కారులో తలుపు సగం తెరిచినప్పుడే కిటికీ అద్దం పనిచేస్తుంది. మెకానిక్ ముందు స్విచ్ మారుస్తాడు, తర్వాత మోటారు మారుస్తాడు. రబ్బరు గొట్టం విప్పి చూడాలన్న ఆలోచన చివరికి వస్తుంది.

పట్టీ, వైరు ఒకే పనిలో రెండు భాగాలు. తలుపు ఎంత తెరుచుకోవాలో పట్టీ తేలిస్తేనే వైరు ఎంత పొడవు వదలాలో తెలుస్తుంది. పట్టీ లేని కారులో తలుపును ఆపేది చివరికి ఆ వైరే.

ఇది ఇంటి గ్యారేజీల అజాగ్రత్తే అనుకుంటే పొరపాటు. 2021 డిసెంబరులో టెస్లా అమెరికాలో 3,56,309 మోడల్ 3 కార్లను రీకాల్ చేసింది. డిక్కీ మూత తీసి వేస్తూ ఉంటే వెనక కెమెరా కేబుల్ అరిగిపోతుందన్నది కారణం. అంత పెద్ద కంపెనీకే తప్పనప్పుడు, ఒక్క కారు చేసుకునే మనిషికి ఇంకెంత జాగ్రత్త అవసరం?

కస్టమ్ కార్లు కట్టిన జార్జ్ బారిస్ తరం కాలిఫోర్నియాలో తలుపు హ్యాండిళ్లు తీసేసి బటన్‌తో తెరిచే ఫ్యాషన్ తెచ్చింది. చూడ్డానికి బాగుంటుంది. బ్యాటరీ దిగిపోతే లోపలికి వెళ్లే దారే ఉండదు. తెలిసినవాళ్లు కారు కింద ఎక్కడో చేతికందేలా ఒక కేబుల్ దాచి, గడియకు కలుపుతారు. ఆ కేబుల్ లేని కారును ఎంత అందంగా ఉన్నా పూర్తయిన కారు అనకూడదు.

వంకాయ, క్రికెట్ బ్యాటు ఆకారాల్లో కార్లు చేసిన సుధాకర్ మ్యూజియం హైదరాబాద్ బహదూర్‌పురాలోనే ఉంది కాబట్టి, ఈ సరదా మనకూ కొత్త కాదు. అయితే రోడ్డు మీద తిరిగే కారు రూపం మార్చడానికి చట్టం ఒప్పుకోదు. కంపెనీ అసలు స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా మార్చిన వాహనాన్ని రిజిస్టర్ చేయడానికి లేదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. మనవాళ్లు ఎక్కువగా చేయించుకునేది చిన్న పనులే: స్పీకర్లు, రిమోట్ లాక్, తలుపు దీపాలు. వైరు సమస్య అక్కడా అదే. కంపెనీ ఇచ్చిన రబ్బరు గొట్టంలోంచి కొత్త వైరు దూర్చడం ఓపికతో చేసే పని. తొందరలో ఉన్నవాడు తలుపు అంచున, రబ్బరు బీడింగ్ మీదుగా లాగేస్తాడు. ఆ వైరు నలుగుతుంది, ఆ సందులోంచి వాన నీళ్లు లోపలికి దిగుతాయి.

కొత్తగా కారు కట్టేవాళ్లు ఈ రంధ్రాలు, బిళ్లలు, వెల్డింగ్ అన్నీ పెయింటింగ్‌కు ముందే ముగించాలి. రంగేశాక డ్రిల్లింగ్ పెడితే పచ్చి అంచు తుప్పు పడుతుంది. ఫైబర్‌గ్లాస్ తలుపైతే కరెంటు తిరిగి వెళ్లే దారి ఉండదు కాబట్టి ఎర్త్ వైరూ దానిలోకి విడిగా లాగాలి. యాక్సెసరీలు వేయించుకునేవాళ్లు డబ్బు చేతిలో పెట్టకముందే తలుపు పూర్తిగా తెరిచి బందుల పక్కన చూడండి. కొత్త వైరు గొట్టం బయట కనిపిస్తే ఊడదీసి మళ్లీ వేయమనండి.