పన్ను పీకించుకునేది శ్రద్ధ లేక కాదు, డబ్బు లేక

"ఆదివాసులకు పళ్ల మీద శ్రద్ధ లేదు" అనే మాట మీరూ వినే ఉంటారు. శిబిరానికొచ్చిన ప్రతి పెద్దమనిషీ అదే అంటాడు. చేతిలో బ్రష్షు, పేస్టు పెట్టి ఫొటో దిగి పోతాడు. కానుగ పుల్లతో తోముకునే మన కొండలకి గుట్కా, చాక్లెట్లు ఎక్కించింది ఎవరండీ? సరే, ఆ సంగతి ఇంకోసారి. ఇప్పుడు లెక్క చూద్దాం.

పిప్పి పన్ను మొదట్లోనే చూపిస్తే ఫిల్లింగుతో పోతుంది. నరం దాకా పుచ్చితే రూట్ కెనాల్, పైన క్యాపు. ప్రైవేటులో రెండూ కలిపి ఆరు వేలు అనుకోండి. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి కూలి రోజుకు 307 రూపాయలు. ఒక్క పన్నుకి ఇరవై రోజుల కూలి! ఇంటిల్లిపాదికీ కలిపి హామీ ఇచ్చిందే వంద రోజులు.

పైగా ఒక్కసారితో అవ్వదు, రెండు మూడుసార్లు రమ్మంటారు. పాడేరు నుంచి విశాఖ వంద కిలోమీటర్ల పైమాటే. లోపలి ఊళ్లవాళ్లకి పాడేరు చేరేసరికే సగం రోజు పోద్ది. బస్సు ఛార్జీలు, తోడొచ్చిన మనిషి కూలి, మధ్యాహ్నం భోజనం ఏ డాక్టరు బిల్లులోనూ కనిపించవు. అందుకే జనం లవంగం నొక్కిపెట్టి, కొట్లో నొప్పి బిళ్ల కొనుక్కుని నెలలు లాగుతారు. దవడ వాచాక పీకించేస్తారు. పీకడం చవక మరి.

ఆరోగ్యశ్రీ ఉంది కదా అంటారు. 2007 నుంచి ఉంది, కాదనం. కానీ అది ముఖ్యంగా ఆస్పత్రిలో చేరి చేయించుకునే వైద్యానికి. కేంద్రం ఇచ్చే ఆయుష్మాన్ కార్డూ అంతే. దవడ విరిగితే కార్డు పనికొస్తుంది, దవడ పన్ను పుచ్చితే పనికిరాదు. విరగ్గొట్టుకుని రమ్మంటారా?

బడి పిల్లల్ని రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పరీక్షిస్తారు. ఆ జాబితాలో పళ్ల జబ్బులూ ఉన్నాయి. చూసి చీటీ రాస్తారు. ఆశ్రమ పాఠశాలలో ఉన్న పిల్లని ఆ చీటీతో ఎవరు తీసుకెళ్లాలి, ఎవరి డబ్బుతో బస్సెక్కాలి? ఇక పళ్లూడిన ముసలమ్మల గురించి అడిగేవాడే లేడు. నమల్లేక అంబలితో సరిపెట్టుకుంటుంటే వయసని వదిలేస్తున్నాం. అదే వయసువాళ్లు పట్నంలో కట్టుడు పళ్లతో మాంసం తింటున్నారు.

ఏజెన్సీలో ప్రతి సామాజిక ఆరోగ్య కేంద్రానికీ పళ్ల డాక్టరు కావాలి. దుమ్ము పట్టే కుర్చీ ఒక్కటీ పడేసి పోతే ఒప్పుకోం, ఫిల్లింగు సామానుతో సహా ఉండాలి. సంత రోజు తప్పక తెరిచి ఉండాలి, మనం కొండ దిగేది ఆ రోజే. ఫిల్లింగు, రూట్ కెనాల్, కట్టుడు పళ్లు ఆరోగ్యశ్రీలో చేర్చాలి.

మీ ఊళ్లో ఈ ఏడాది పళ్లకి ఏ ఇల్లు ఎంత ఖర్చు పెట్టిందో, ఆ డబ్బు ఎక్కడ అప్పు తెచ్చారో ఇంటింటికీ తిరిగి రాయండి. ఐటీడీఏ గ్రీవెన్సుకి వచ్చేటప్పుడు ఆ కాగితం పట్టుకురండి.