పళ్ళు ఊడేది వయసు వల్లనేనా?

"డెబ్బై ఏండ్లాయె, పండ్లు ఊడకుంటే ఉంటయా?" బషీరాబాద్ పల్లెల నుండి వచ్చే పెద్దలు తరచుగా అనే మాట ఇది. దీనిని మేము ఒప్పుకోము. పళ్ళను ఊడగొట్టేది వయసు కంటే ఏళ్ళ తరబడి సాగిన అలవాట్లే.

తంబాకు, జర్దా, గుట్కా, బీడీ చిగుళ్ళను పాడుచేస్తాయి. పొగాకు కలపని వక్క కూడా క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లో ప్రచురించిన నివేదికలో తేల్చింది. బొగ్గుపొడి, ఇటుకపొడితో తోమితే పంటిపై గట్టి పొర అరిగిపోతుంది. షుగరు అదుపులో లేకుంటే చిగుళ్ళ జబ్బు ముదురుతుంది. అది ముదిరితే షుగరు అదుపు చేయడం కష్టమవుతుంది. కొన్ని మందులతో నోరు ఎండిపోతుంది. మందులు మానకండి, డాక్టరుకు చెప్పండి. ఎండిన నోటికి తీపి చాయ్ కాక మంచినీళ్ళు ఇవ్వండి.

"ఈ వయసులో మాన్పించడమెందుకు?" అని తంబాకు పొట్లం తెచ్చి ఇచ్చే కొడుకులకు, కోడళ్ళకు మా మనవి: అది ప్రేమ కాదు. జొన్నరొట్టె నమలలేని తాత చాయ్‌లో బ్రెడ్డు ముంచుకొని తింటూ నీరసించిపోతాడు. ఏ వయసులో మానినా మేలే.

రోజుకు రెండుసార్లు మెత్తని బ్రష్షు, ఫ్లోరైడ్ పేస్టుతో తోముకోవాలి. కట్టుడు పళ్ళను రాత్రి తీసి, కడిగి, నీళ్ళలో ఉంచాలి. నోటిలో రెండు వారాలైనా మానని పుండు, తెల్లని లేక ఎర్రని మచ్చ ఉంటే, నొప్పి లేదు కదా అని ఊరుకోకండి. వెంటనే డాక్టరుకు చూపించండి. ఈ రోజే మీ ఇంటి పెద్దలను నోరు తెరవమని అడగండి.