ఆ మెరుపు ఎక్కడిది?

ఉప్పల్, నాచారం కాలనీల్లో పాత షోకేసు ఉన్న ఇంటికి వెళ్తే రామేశ్వరం నుంచో కన్యాకుమారి నుంచో తెచ్చిన శంఖం పక్కన గుప్పెటకు మించిన గవ్వ ఒకటి కనిపిస్తుంటుంది. ఉబ్బెత్తు వీపు, గోధుమరంగు మచ్చలు, అద్దంలాంటి నునుపు. అదే పులిగవ్వ. మచ్చల్ని చూస్తే చిరుతగవ్వ అనాలి. కానీ 1758లో లిన్నేయస్ పులి పేరే ఖాయం చేసేశాడు!

మనకు గవ్వంటే పచ్చీసులో వేసేది, లంబాడీ మహిళల దుస్తుల మీద మెరిసేది. ఆ చిట్టిగవ్వలు ఒకప్పుడు డబ్బు. మాల్దీవుల నుంచి ఓడల్లో బెంగాల్‌కు వచ్చేవి. 'చిల్లిగవ్వ లేదు' అనే మాట ఆ రోజుల్నే గుర్తుచేస్తుంది. పులిగవ్వ వాటికి పెద్దన్న. హవాయి దీవుల్లోనైతే 15 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది.

దాని ఇల్లు పగడపు దిబ్బలు. కృష్ణా గోదావరుల బురదనీళ్లు కలిసే మన తీరంలో అలాంటి పెద్ద దిబ్బలు లేవు. అందుకే మన దేశంలో పులిగవ్వను చూడాలంటే లక్షద్వీప్, అండమాన్ లాంటి చోట్లకు వెళ్లాలి. అక్కడా దానికి సుఖం లేదు. 1998లో, 2010లో, 2016లో సముద్రం వేడెక్కి లక్షద్వీప్ పగడాలు తెల్లగా పాలిపోయాయి.

ఇంతకీ ఆ మెరుపు ఎవరు పెట్టిన పాలిష్? ఎవరూ కాదు. గవ్వ లోపల ఉండేది మెత్తటి నత్త. రాత్రిపూట తిండికి బయల్దేరినప్పుడు ఒంటిమీది పల్చటి పొరను రెండువైపుల నుంచీ పైకి చాచి, శాలువాలా పెంకునంతా కప్పుకుంటుంది. పెంకు మీద పూత వేసేది ఆ పొరే. దాని చలవతోనే నాచు పట్టదు, గీతలు పడవు. నత్త చనిపోయి ఒట్టి పెంకు ఇసుకలో దొర్లితే కొన్నాళ్లకే వెలిసిపోతుంది. అంటే దుకాణంలో ధగధగలాడే గవ్వ చాలావరకు ఒడ్డున ఏరింది కాదు, ప్రాణంతో ఉండగా పట్టి చంపింది. ఆడ పులిగవ్వ గుడ్లు పెట్టి, కోడిలా వాటిమీదే కూర్చుంటుంది. అప్పుడు పట్టేస్తే గుడ్లకు కాపలా ఎవరు?

2001లో కొన్ని రకాల శంఖాలనూ గవ్వలనూ వన్యప్రాణి సంరక్షణ చట్టం జాబితాలో చేర్చారు. బీచ్ దుకాణంలో రాశిపోసిన వాటిలో ఏది ఆ జాబితాలోదో యాత్రకెళ్లిన మనకేం తెలుస్తుంది? కొనకపోతే ఆ బెంగే ఉండదు.

తాతగారు తెచ్చినదాన్ని పారేయక్కర్లేదు. పిల్లలకు తిరగేసి చూపించండి. పళ్లలాంటి అంచుల మధ్య సన్నటి చీలిక ఉంటుంది. నత్త చిన్నగా ఉన్నప్పుడు అక్కడ వెడల్పాటి నోరు ఉండేది. ఎదిగాక పెదవి లోపలికి ముడుచుకుంటుంది. ఆ శాలువా బయటికొచ్చేది ఆ చీలికలోంచే.