దారిబత్తెం ఎవరిది?

ఢిల్లీ నగరానికి దక్షిణాన, ఐ.ఐ.టి. ప్రాంగణం పక్కన జియా సరాయ్ అనే చిన్న పేట ఉన్నది. సరాయ్ అంటే సత్రం. బాటసారి ఒక రాత్రి తలదాచుకొని, తెల్లవారగానే మూట సర్దుకొని పోయే చోటు. నేటి జియా సరాయ్‌లో కూడ స్థిరనివాసుల కంటె బాటసారులే ఎక్కువ. పోటీ పరీక్షలకు చదువుకొనే యువతీయువకులు దేశం నలుమూలల నుంచి ఇక్కడకు వస్తారు. మన తెలుగు జిల్లాల వారూ వారిలో ఉన్నారు. ఇరుకు సందులు, పుస్తకాల దుకాణాలు, భోజనశాలలు, మంచం ఒక్కటే పట్టే గదులు. ఇదీ ఆ పేట స్వరూపం.

అయితే ఈ విద్యార్థులకు వంట చేసేవారు, గదులు ఊడ్చేవారు, రాత్రివేళ కాపలా ఉండేవారు అక్కడ నివసించరు. ఆ అద్దెలు వారికి అందవు. వారు అంబేద్కర్ నగర్, సంగం విహార్ వంటి దూరపు కాలనీల నుంచి, లేదా యమునకు ఆవలి ఒడ్డు నుంచి, ప్రతి ఉదయం బయలుదేరి వస్తారు. అద్దె తక్కువగా ఉన్న చోట పని ఉండదు. పని ఉన్న చోట అద్దె తక్కువ ఉండదు. ఈ రెంటికీ నడుమ వంతెన బస్సో, రైలో కావాలి. ఆ వంతెన దాటడానికి చెల్లించే సుంకం కూలిలో ఎంత భాగం? పెరుగుతున్న ప్రతి నగరమూ వేసుకోవలసిన మొదటి లెక్క ఇదే. విచారమేమంటే, సాధారణంగా ఇది చివర వేసే లెక్క అవుతున్నది.

జియా సరాయ్ నుంచి కొద్ది నిమిషాలు నడిస్తే ఐ.ఐ.టి. మెట్రో స్టేషను వస్తుంది. 2018 మే నెలలో అది ప్రారంభమయినది. దాని పైన బాహ్య వలయ రహదారి మీద బస్సులు, కార్లు, ఆటోలు ఎడతెగక సాగుతుంటాయి. రహదారి పక్కనే ఉన్న ఐ.ఐ.టి.లో, రాజధానిలో ఎంతో వివాదానికి గురియైన ప్రత్యేక బస్సు దారి ఆలోచన రూపుదిద్దుకొన్నది. అంటే ఢిల్లీ రవాణా చరిత్రలోని ముఖ్యమైన పాఠాలన్నీ ఈ ఒక్క కూడలి దగ్గర నిలబడి నేర్చుకోవచ్చును.

మొదటి పాఠం అంతకు ముందటిది. 1982లో ఏషియా క్రీడలు ఢిల్లీలో జరిగినప్పుడు, అప్పటికే సరుకుల రవాణాకు ఏర్పడి ఉన్న సుమారు 35 కిలోమీటర్ల వలయ రైలు మార్గాన్ని ప్రయాణికుల కోసం మెరుగుపరచినారు. పట్టాలున్నవి, స్టేషన్లున్నవి, టికెట్టు చవక. అయినా జనం ఎక్కలేదు. స్టేషను నుంచి ఇంటికి పోయే బస్సు లేదు, స్టేషనుకు చేరే మంచి కాలిబాట లేదు, రైళ్లు తరచుగా లేవు. పట్టాలు వేసినంత మాత్రాన రవాణా ఏర్పడదని ఆ వలయం నేటికీ మౌనంగా చెబుతున్నది. ఊరి చివర తవ్విన బావికి దారి లేకపోతే నీళ్లున్నా దాహం తీరదు కదా!

రెండవ పాఠం బస్సులది. కాలుష్యం కేసులో సుప్రీంకోర్టు 1998 జూలైలో ఇచ్చిన ఉత్తర్వులలో, 2001 ఏప్రిల్ నాటికి ఢిల్లీలో బస్సుల సంఖ్యను 10,000కు పెంచాలన్నది ఒకటి. అదే ఉత్తర్వుల ఫలితంగా బస్సులన్నీ సహజవాయువుకు మారినవి. ఆ మార్పు ప్రపంచం దృష్టిని ఆకర్షించినది. కాని బస్సుల సంఖ్య విషయంలో పెట్టిన గడువు దాటిపోయి రెండు దశాబ్దాలు గడచిన తరువాత కూడ ఢిల్లీ ఆ అంకెను అందుకోలేదు. ఇంధనం మార్చడం కంటె బస్సులు కొనడం, వాటిని సకాలంలో నడపడం కష్టమైనదేమీ కాదు. అయితే బస్సు ప్రారంభోత్సవానికి పైవంతెన ప్రారంభోత్సవానికి ఉన్నంత వైభవం ఉండదు.

మూడవ పాఠం మెట్రో. 1995లో ఢిల్లీ మెట్రో రైలు సంస్థ ఏర్పడినది. 2002 డిసెంబరు 24న షాదరా, తీస్ హజారీల మధ్య తొలి రైలు నడచినది. ఇ. శ్రీధరన్ నాయకత్వంలో పనులు అనుకున్న గడువులకు పూర్తికావడం మన దేశంలో ఒక వింతగా చెప్పుకొన్నారు. మొదటి దశలో సుమారు 65 కిలోమీటర్లకు 10,571 కోట్ల రూపాయలు వ్యయమైనది; అంటే కిలోమీటరుకు 160 కోట్లకు పైచిలుకు. అందులో సగానికి మించిన భాగం జపాను నుంచి తక్కువ వడ్డీకి వచ్చిన దీర్ఘకాలిక ఋణం. మెట్రో వల్ల ఢిల్లీకి కలిగిన మేలును ఎవరూ కాదనలేరు. స్త్రీలు రాత్రివేళ నిర్భయంగా ప్రయాణించగలిగినారు. గంటల ప్రయాణం నిమిషాలకు తగ్గినది.

కాని అప్పు అప్పే. నిర్వహణ వ్యయం ఏటేటా పెరుగుతుంది. 2017లో మే, అక్టోబరు నెలలలో రెండు విడతలుగా ఛార్జీలు పెంచినారు. అంతవరకు 30 రూపాయలుగా ఉన్న గరిష్ఠ ఛార్జీ 60 అయినది. 2025 ఆగస్టులో మరల పెంచగా అది 64 రూపాయలకు చేరినది.

ఈ అంకెలను ఒక ఇంటి లెక్కలోకి దించి చూతము. పన్నెండు నుంచి ఇరవై ఒక్క కిలోమీటర్ల దూరానికి 2025 రేటు 43 రూపాయలు. రానూ పోనూ 86. నెలకు 25 పనిదినాలకు 2,150. కార్డు వాడితే పదోవంతు తగ్గి 1,935. నెలకు 15,000 రూపాయలు సంపాదించే వ్యక్తి ఉన్నాడనుకొంటే, జీతంలో ఎనిమిదింట ఒక వంతు దారిలోనే కరిగిపోతున్నదన్నమాట. ఇంకా స్టేషను నుంచి ఇంటికి ఆటో ఖర్చు కలపలేదు. అదే మనిషి మామూలు సిటీ బస్సు ఎక్కితే, 2009 నవంబరులో నిర్ణయించి దశాబ్దంన్నరకు పైగా మార్చని రేటు ప్రకారం, గరిష్ఠంగా 15 రూపాయలు. నెలకు 750. అయితే ఆ బస్సు ఎప్పుడు వస్తుందో తెలియదు. వచ్చినా రద్దీలో ఇరుక్కొంటుంది. ఆలస్యమైతే ఆ పూట కూలి పోతుంది. కనుక పేదవాని ముందున్న ప్రశ్న ఇది: డబ్బు పోగొట్టుకోవాలా, కాలం పోగొట్టుకోవాలా?

ఈ ప్రశ్నకు జవాబుగానే నాలుగవ ప్రయోగం జరిగినది. బస్సుకు తన దారి తనకు ఇస్తే అది రద్దీలో చిక్కుకోదు. మెట్రోకయ్యే వ్యయంలో కొద్ది భాగంతోనే వేగం సాధించవచ్చును. దక్షిణ అమెరికాలో బొగోటా నగరం 2000 డిసెంబరులో ఈ పద్ధతిని పెద్దయెత్తున ప్రారంభించినది. ఢిల్లీలో 2008 ఏప్రిల్‌లో అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ వరకు 5.8 కిలోమీటర్ల మేర రోడ్డు నడుమ బస్సులకు ప్రత్యేక వరుసలు, పక్కన సైకిళ్లకు, పాదచారులకు వేరు బాటలు ఏర్పరచినారు.

లెక్క సులభమైనది. ఒక బస్సులో అరవై మంది ప్రయాణిస్తారనుకొందాము. ఆ అరవై మందీ కార్లలో, ఇద్దరేసి చొప్పున పోయినా, ముప్పై కార్లు కావాలి. రోడ్డు మీద ఒక బస్సు ఆక్రమించే చోటు మూడు కార్ల చోటు. అనగా అదే పనికి కార్లు పదింతల రోడ్డును మింగుతాయి. కాని రోడ్డు పక్కన నిలబడి చూసేవానికి బస్సు వరుస ఖాళీగాను, కార్ల వరుస కిక్కిరిసియూ కనిపిస్తుంది. ముప్పై కార్లు కంటబడతాయి. బస్సులోని అరవై మంది కంటబడరు. కార్లలో కూర్చున్నవారి గొంతు పత్రికలకు, అధికారులకు త్వరగా వినబడుతుంది. బస్సులోని వారి గొంతు బస్సులోనే ఉండిపోతుంది.

లోపాలు లేకపోలేదు. దారి మరీ పొట్టి. కూడళ్ల వద్ద సంకేత దీపాల నిరీక్షణ దీర్ఘమైనది. బస్సు స్టాపులు రోడ్డు నడుమ ఉండుటచే దాటడం కష్టమయినది. వివాదం న్యాయస్థానానికి పోయినది. 2012 అక్టోబరులో ఢిల్లీ హైకోర్టు బస్సు దారిని ఎత్తివేయాలన్న పిటిషనును కొట్టివేసినది. అయినా 2015లో దానిని తొలగించాలని ప్రభుత్వం నిర్ణయించగా 2016లో కూల్చివేసినారు. మెట్రోలో తొలి ఏళ్లలో లోపం కనిపిస్తే సరిదిద్దుతారు. బస్సు దారిలో లోపం కనిపిస్తే దారినే తీసివేసినారు. ఈ తేడా ఇంజనీరింగుది కాదు. ఎవరి కాలానికి ఎంత విలువ కడుతున్నామన్నది. అహమ్మదాబాదు 2009లో ప్రారంభించిన ఇటువంటి బస్సు మార్గాన్ని క్రమంగా విస్తరించుకొన్నదని ఇక్కడ గుర్తుంచుకోవాలి.

నగరం పొలిమేరలు దాటి పెరిగినప్పుడు సమస్య మరింత జటిలమవుతుంది. 1985లో పార్లమెంటు చేసిన చట్టం ద్వారా జాతీయ రాజధాని ప్రాంత ప్రణాళికా మండలి ఏర్పడినది. హర్యానా, ఉత్తర ప్రదేశ్, రాజస్థాన్‌ల జిల్లాలు ఢిల్లీతో కలిసి ఒకే ప్రాంతంగా పెరగాలన్నది దాని ఆశయం. ఢిల్లీ నుంచి మీరట్ వరకు 82 కిలోమీటర్ల వేగ రైలు మార్గానికి 30,274 కోట్ల అంచనా వేసినారు. కిలోమీటరుకు 369 కోట్లు. 2023 అక్టోబరులో దాని తొలి భాగం ప్రారంభమయినది. దూరపు ఊళ్లను కలపడానికి ఇటువంటి మార్గాలు అవసరమే. అయితే అంత పెట్టుబడి పెట్టిన రైలు దిగిన మనిషికి ఇంటిదాకా పోయే బస్సు లేకపోతే, 1982 నాటి వలయ రైలు కథ వేరొక రూపంలో పునరావృతం కాగలదు.

మరి ఈ పెట్టుబడి ఎవరు భరించాలి? టికెట్టు కొన్నవాడే అంతా భరించాలంటే, అప్పు, వడ్డీ, జీతాలు, విద్యుత్తు అన్నీ అతని నెత్తినే పడతాయి. కాని మెట్రో వచ్చినందువల్ల లాభపడేది ప్రయాణికుడు మాత్రమేనా? స్టేషను దగ్గర ఇంటి స్థలం ఉన్నవాని ఆస్తి విలువ పెరుగుతుంది. దుకాణదారునికి గిరాకీ పెరుగుతుంది. యజమానికి పనివారు వేళకు వస్తారు. కారులో పోయేవానికి సైతం రోడ్డు కొంత ఖాళీ అవుతుంది. లాభంలో పాలుపంచుకొన్నవారు ఖర్చులోనూ పాలుపంచుకోవడం న్యాయం. పారిస్ ప్రాంతంలో 1971 నుంచి యజమానులు తాము చెల్లించే జీతాల మొత్తంపై రవాణా పన్ను కడుతున్నారు. లండను 2003లో నగర కేంద్రంలోకి వచ్చే కార్లపై రుసుము విధించి, ఆ రాబడిని రవాణాకే వెచ్చించినది. హాంకాంగులో రైలు సంస్థ స్టేషన్లపైని, చుట్టుపట్లనున్న స్థలాల అభివృద్ధి ద్వారా పెట్టుబడిలో గణనీయమైన భాగాన్ని రాబట్టుకొంటున్నది.

మన హైదరాబాదు అనుభవం కూడ ఆలోచింపజేసేదే. అక్కడ మెట్రోను ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో నిర్మించినారు. 2017 నవంబరులో మొదలై, 2020 ఫిబ్రవరి నాటికి సుమారు 69 కిలోమీటర్లకు విస్తరించినది. టికెట్ల రాబడితోను, స్థలాల ఆదాయంతోను అప్పు తీరగలదన్న అంచనా ఫలించలేదు. చివరకు 2025 సెప్టెంబరులో ఆ ప్రాజెక్టును రాష్ట్ర ప్రభుత్వమే స్వీకరించడానికి సూత్రప్రాయమైన అంగీకారం కుదిరినది. ప్రైవేటు పెట్టుబడి వచ్చినంత మాత్రాన ప్రజల భారం మాయమైపోదు. కొంతకాలం కనబడకుండా ఉంటుంది, అంతే.

స్త్రీలకు ఉచిత బస్సు ప్రయాణాన్ని ఢిల్లీ 2019 అక్టోబరులోను, తెలంగాణ 2023 డిసెంబరులోను, ఆంధ్ర ప్రదేశ్ 2025 ఆగస్టులోను ప్రవేశపెట్టినవి. ఇల్లు దాటి పనికి పోవడానికి జంకిన ఎందరో స్త్రీలకు ఇది తలుపు తెరచినది. అయితే రాయితీ ప్రకటించిన ప్రభుత్వం ఆ సొమ్మును రవాణా సంస్థకు వేళకు చెల్లించకపోతే, కొత్త బస్సులు రావు, పాత బస్సులు షెడ్డులో చేరతాయి. టికెట్టు ఉచితమై బస్సు రాకపోతే ఆ ఉచితానికి అర్థం లేదు.

మన విధానపత్రాలలో మంచి మాటలకు కొదవ లేదు. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం వాహనాలు కాదు, మనుషులు కదలాలని చెప్పినది. 2017 నాటి మెట్రో రైలు విధానం, మెట్రో కోరే నగరం ముందుగా బస్సు మొదలైన ప్రత్యామ్నాయాలన్నిటినీ తూచి చూడాలని నిర్దేశించినది. ఈ రెండు మాటలను మనసా పాటిస్తే చాలు. ప్రతి కొత్త పథకం అంచనాలోనూ మూడు అంకెలు ముందుగా ప్రకటించాలి: కనీస వేతనంలో ఎన్నో వంతు ఛార్జీకి పోతుంది? ఒక కోటి రూపాయలకు ఎంతమంది ప్రయాణికులు లబ్ధి పొందుతారు? పదేళ్ల తరువాత నిర్వహణ ఖర్చు ఏ ఖాతా నుంచి వస్తుంది? ఈ మూడింటికి జవాబు లేని పథకానికి శంకుస్థాపన చేయకూడదు.

విజయవాడ, విశాఖపట్నం, వరంగల్లు వంటి మన నగరాలు ఢిల్లీ నడచిన దారిలోనే పెరుగుతున్నవి. వాటికి ఇంకా ఒక సౌకర్యమున్నది: ఇతరులు చేసిన తప్పులను చూసి నేర్చుకొనే వ్యవధి. మంచి కాలిబాట, తరచుగా వచ్చే బస్సు, బస్సుకు ప్రత్యేకమైన వరుస. వీటికి అయ్యే ఖర్చు స్వల్పం. ఇవి అమరిన తరువాత జనం ఎక్కువైన మార్గంలో రైలు వేసుకోవచ్చును. పునాది లేని మేడకు అంతస్తులు కట్టరాదు.

పూర్వం సత్రాలు కట్టించిన దాతలు బాటసారిని, "నీ దారిబత్తెం ఎంత?" అని అడిగి లోపలికి రానిచ్చేవారు కారు. ప్రయాణికుడు సుఖంగా ఊరు చేరడం ఊరికే మేలని వారు ఎరుగుదురు. జియా సరాయ్ అనే పేరులో ఆ జ్ఞాపకం ఇంకా మిగిలి ఉన్నది. రేపు తెల్లవారుజామున అక్కడ పొయ్యి వెలిగించవలసిన వంటమనిషి ఎక్కడో దూరపు కాలనీలో, చీకటిలో, బస్సు కోసం నిలబడి ఉంటుంది. ఆమె వేళకు వస్తేనే ఆ విద్యార్థులకు ఫలహారం. నగరమంటే ఎవరి మీద ఎవరు ఆధారపడి ఉన్నారో ఆమె ఎదురుచూపులో తెలుస్తుంది. ఆమె దారిబత్తెం ఆమె ఒక్కతెదే కాదు, మనందరిదీను.