బండి నిండింది, ఎక్కడ పొయ్యాలి?

మెట్టవాసి

అమెరికాలో ఉన్న మన పిల్లలు వేసవి సెలవులకు ఇల్లులాంటి బండి అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్‌కో, గ్రాండ్ కాన్యన్‌కో పోయొస్తున్నారు. పంపే ఫొటోల్లో మంచాలు, వంటగట్టు, కిటికీలోంచి కొండలు కనిపిస్తాయి. బండి అడుగున ఉండే ట్యాంకులు కనిపించవు. ఒకదాంట్లోకి మరుగుదొడ్డి నీళ్లు, ఇంకోదాంట్లోకి స్నానాల నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు పోతాయి. కొద్దిరోజుల్లో అవి నిండుతాయి. నిండాక డంప్ స్టేషన్ వెతుక్కోవాలి. క్యాంపు మైదానాల్లో, లారీలు ఆగే పెద్ద బంకుల్లో, కొన్ని రాష్ట్రాల్లో రోడ్డు పక్క విశ్రాంతి స్థలాల్లో అవి ఉంటాయి. గొట్టం తగిలించి ముందు మరుగుదొడ్డి ట్యాంకు ఖాళీ చేస్తారు, తర్వాత స్నానాల నీళ్లు వదులుతారు. ఆ నీళ్లతో గొట్టం కూడా కడిగినట్టవుతుంది. నేలమీద వదిలితే చట్టం ఊరుకోదు. మారుమూల పల్లెల్లో అలాంటి చోటు దొరక్కపోతే మైళ్లకు మైళ్లు మోసుకు తిరగాల్సిందే. మోసుకు తిరుగుతారు కూడా, ఎందుకంటే ముందెక్కడో ఒక చోటు ఉంటుందని వాళ్లకు నమ్మకం.

మన జగ్గయ్యపేట, నందిగామ వైపు అలాంటి బండ్లు అరుదు. క్యారవాన్ అంటే మనకు సినిమా షూటింగే గుర్తొస్తుంది. అయినా నిండిన ట్యాంకుతో చోటు కోసం తిరిగే బండి మనకూ ఉంది. ట్రాక్టరు వెనకో, లారీ ఛాసిస్ మీదో గుండ్రటి ట్యాంకు, పక్కన మోటారు, చుట్టచుట్టిన లావుపాటి గొట్టం. కరెంటు స్తంభాల మీద, ప్రహరీ గోడల మీద ‘సెప్టిక్ ట్యాంక్ క్లీనింగ్’ అన్న రాత, కింద సెల్ నంబరు. ఫోన్ చేస్తే వస్తుంది, గంటలో లాగేస్తుంది. ఇంటాయన డబ్బిచ్చి గేటు వేసుకుంటాడు. ఆయన పని అయిపోయింది. డ్రైవరు పని అప్పుడే మొదలవుతుంది. మూడు నాలుగు వేల లీటర్ల మడ్డిని ఎక్కడ పొయ్యాలి?

“ఊరవతల పోసొస్తామండీ” అంటాడు, అడిగితే. ఊరవతల ఏముందో మనందరికీ తెలుసు. డొంక, వాగు, ఎవరిదో బీడు.

మెట్ట ప్రాంతంలో ఊరవతల అనేది ఎక్కడికక్కడ ఆగిపోయే చోటు కాదు. పాలేరు జగ్గయ్యపేట పక్కగా వచ్చి కృష్ణలో కలుస్తుంది. వైరా, కట్టలేరు మునేరులో కలుస్తాయి, మునేరు కృష్ణలో కలుస్తుంది. ఈ కలయికలన్నీ ప్రకాశం బ్యారేజీకి ఎగువనే. బ్యారేజీ దగ్గర విజయవాడ తాగే నీళ్లు తీసుకుంటారు, అక్కణ్నుంచే డెల్టా కాలువలు బయల్దేరతాయి. వేసవిలో వాగు ఎండిపోయి ఉన్నప్పుడు ఒడ్డున పోసిన మడ్డి అక్కడే పొరగా ఉంటుంది. తొలి వానకు అంతా ఒక్కసారి కిందికి పోతుంది. 2023 జులైలో మునేరు ఐతవరం దగ్గర హైవే మీదికొచ్చి హైదరాబాద్, విజయవాడ మధ్య బండ్లన్నీ ఆగిపోయాయి. 2024 సెప్టెంబరు మొదట్లో మళ్లీ వరద. ఆ నీళ్లు పొలాల మీదుగా, వీధుల మీదుగా, బోర్ల చుట్టూ తిరిగి పోయాయి. ఒడ్డున ఏముంటే అది వెంటబెట్టుకునే పోయాయి.

అయిదు వేల లీటర్ల ట్యాంకరు ఒకటి ఆరుబయట పోస్తే అయిదు వేల మంది ఆరుబయటికి వెళ్లినంత అని పారిశుధ్య రంగంలో పనిచేసేవాళ్లు చెబుతుంటారు. 2014 నుంచి స్వచ్ఛ భారత్ కింద ఇంటింటా మరుగుదొడ్డి కట్టించుకున్నాం. ఆడవాళ్లు చీకటి పడేదాకా కాచుకునే బాధ చాలా ఊళ్లలో తప్పింది. అది చిన్న విషయం కాదు, దాన్ని తక్కువ చేసే మాట ఎవరన్నా నేను ఒప్పుకోను. కానీ ఊరంతా మానేసిన పనిని ఒక్క ట్యాంకరు ఊరి తరఫున చేసొస్తుంటే మనం గెలిచింది సగమే.

సెప్టిక్ ట్యాంకు గురించి మనలో ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. అందులోకి పోయిన నీళ్లు శుభ్రమై బయటికొస్తాయనుకుంటాం. ట్యాంకు ప్రధానంగా చేసేది బరువైనదాన్ని అడుక్కి దించి, తేలేదాన్ని పైన ఆపి, మధ్య నీళ్లను బయటికి పంపడం. ఆ నీళ్లు ఇంకుడు గుంతలోకి పోయి, మట్టిలో వడకట్టుకోవాలి. ఇక్కడే మన నేల అడ్డొస్తుంది. నందిగామ, చందర్లపాడు, వీరులపాడు వైపు నల్లరేగడి పత్తికీ మిర్చికీ మంచిదే కానీ, తడిస్తే ఉబ్బి నీళ్లను కిందికి దిగనివ్వదు. వానాకాలంలో ఇంకుడు గుంత నిండుకుండే. జగ్గయ్యపేట వైపు ఇంకో రకం చిక్కు. సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చిందే అక్కడి సున్నపురాయి కోసం. ఆ రాతి పగుళ్లలోకి దిగిన మురుగు వడకట్టుకోకుండానే బోరును చేరగలదు. నీళ్లు ఇంకని చోట చాలామంది ఇంకుడు గుంత ఊసే ఎత్తకుండా ట్యాంకు గొట్టాన్ని సైడు కాలువలోకి తిప్పేస్తారు. 2024 జూన్‌లో జగ్గయ్యపేటలో అతిసారం ప్రబలింది. దాని కారణాల మీద నేనిక్కడ తీర్పు చెప్పబోవడం లేదు. తాగునీటి గొట్టాలూ మురుగు కాలువలూ పక్కపక్కన పోయే ఊళ్లలో మడ్డి సంగతి వాయిదా వెయ్యదగింది కాదని మాత్రం అంటాను.

ఇంకోటి, మనకు పెద్ద ట్యాంకు మీద మోజు. ఇల్లు కట్టేటప్పుడు “పాతికేళ్లు చూడక్కర్లేకుండా కట్టు మేస్త్రీ” అంటాం. మేస్త్రీ గదంత ట్యాంకు కడతాడు. ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం రెండు మూడేళ్లకోసారి తీయించాల్సింది మనం పొంగేదాకా వదిలేస్తాం. అప్పటికి అడుగున మడ్డి గట్టిపడి ఉంటుంది, గొట్టానికి రాదు. అప్పుడు ఒక మనిషి దిగుతాడు. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది, మీథేన్ ఉంటుంది, ఊపిరి ఉండదు. ఒకడు పడిపోతే తీయడానికి ఇంకొకడు దిగుతాడు. ఈ వార్త మనం ఏటా ఎక్కడో ఒకచోట చదువుతూనే ఉన్నాం. మనుషుల్ని అలా దించడాన్ని 2013 చట్టం నేరమంటోంది. సఫాయి కర్మచారీ ఆందోళన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2014లో ప్రతి చావుకు పది లక్షలు ఇవ్వాలంది, 2023 అక్టోబరులో మరో కేసులో దాన్ని ముప్ఫై లక్షలు చేసింది. ఆ ఉద్యమాన్ని నడిపిన బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల దగ్గర దళిత కుటుంబంలో పుట్టారు, 2016లో మెగసెసే పురస్కారం అందుకున్నారు. ఆయనకు వెన్నుదన్నుగా నిలిచిన ఎస్.ఆర్.శంకరన్ మన రాష్ట్రంలో పనిచేసిన ఐఏఎస్ అధికారి. ఇంతమంది ఇంత చేశాక కూడా మన పెరట్లో మనిషి దిగే పరిస్థితి వస్తోందంటే, ఆ ట్యాంకును సమయానికి తీయించని ఇంటివాళ్లకూ అందులో భాగముంది.

డ్రైవరును పట్టుకుని జరిమానా వేస్తే తీరుతుందనే వాళ్లున్నారు. నేను ఒప్పుకోను. పొయ్యడానికి చోటు చూపించకుండా పోసినవాణ్ని శిక్షిస్తే అతను పగలు పోసేది రాత్రి పోస్తాడు. నందిగామ నుంచి విజయవాడ యాభై కిలోమీటర్ల దూరం, జగ్గయ్యపేట నుంచి డెబ్బై పైన. అక్కడి మురుగుశుద్ధి కేంద్రానికి తీసుకుపొమ్మంటే ఇంటాయన ఇచ్చిన డబ్బు డీజిల్‌కే చాలదు. చోటు దగ్గర్లో ఉండాలి, అడిగినప్పుడు తలుపు తీసి ఉండాలి. ఆ తర్వాతే జరిమానా.

ఇది కొత్తగా కనిపెట్టాల్సిన విద్యేమీ కాదు. కేంద్రం 2017లోనే మడ్డి నిర్వహణకో జాతీయ విధానం ప్రకటించింది. వరంగల్ నగరపాలక సంస్థ 2016లోనే ఈ బండ్లకు నిబంధనలు పెట్టింది. మన నరసాపురంలో మడ్డిని శుద్ధిచేసే ప్లాంటు పెట్టారు. వీటన్నిటికంటే నాకు నచ్చింది మహారాష్ట్రలోని వాయి పట్టణం. సాతారా జిల్లాలో ఉన్న ఆ ఊరు కూడా కృష్ణ ఒడ్డునే ఉంది, నది మహాబలేశ్వరంలో పుట్టి కొండ దిగిన కాసేపటికే. అక్కడ ఇంటివాళ్లు ట్యాంకు పొంగాక ఫోన్ చెయ్యరు. మూడేళ్లకోసారి వరసగా ప్రతి ఇంటికీ పురపాలక సంఘం తరఫున బండి వస్తుంది. విడిగా డబ్బు అడగరు, పన్నులోనే పారిశుధ్యానికి కొంత తీసుకుంటారు. బండి నేరుగా శుద్ధి కేంద్రానికి పోతుంది. వాయి మన జగ్గయ్యపేటను మించిన నగరమేమీ కాదు. నది పుట్టినచోట ఒక చిన్న ఊరు చెయ్యగలిగినప్పుడు, అదే నది ఒడ్డున మనమెందుకు చెయ్యలేం?

లెక్క చూడండి. తొమ్మిది వందల ఇళ్ల ఊళ్లో మూడేళ్ల వరస పెట్టుకుంటే ఏడాదికి మూడు వందల ట్యాంకులు, అంటే దాదాపు రోజుకొకటి. పది ఊళ్లు కలిస్తే రోజుకు పది. ఒక్క పంచాయతీకి ఇది మోయలేని పని, పది పంచాయతీలు కలిస్తే రెండు మూడు బండ్లకు ఏడాది పొడవునా పని. వత్సవాయి, పెనుగంచిప్రోలు ఊళ్లకు జగ్గయ్యపేట వైపు మడ్డి పొయ్యడానికి ఒక చోటు, కంచికచర్ల, చందర్లపాడు, వీరులపాడు ఊళ్లకు నందిగామ వైపు ఒకటి. రెండు చోట్లు చాలు మొదలుపెట్టడానికి. యంత్రాలక్కర్లేదు. అడుగున కాంక్రీటు, పైన కంకర, ఇసుక పరిచిన ఆరబెట్టే మడులు కడితే నీళ్లు కిందికి దిగి వేరే చెరువులోకి పోతాయి, పైన మడ్డి మన ఎండకు ఎండుతుంది. ఎండినదాన్ని చెత్తతో కలిపి కంపోస్టు చేస్తే ఆ వేడికి నులిపురుగుల గుడ్లు చస్తాయి. పచ్చి మడ్డి చేలో పోయించుకుంటే ఆ గుడ్లు నెలల తరబడి బతుకుతాయి. కొన్ని రాష్ట్రాల్లో లోతు కందకాలు తీసి పూడ్చే పద్ధతి వాడారు. మన సున్నపురాయి నేలల్లో దానికి నేను ఒప్పుకోను, అడుగు కట్టిన మడులే కావాలి.

డబ్బు సాకు కూడా నిలవదు. 2020లో మొదలైన స్వచ్ఛ భారత్ గ్రామీణ్ రెండో దశలో మడ్డి నిర్వహణ ఉంది. 15వ ఆర్థిక సంఘం 2021–26కు పంచాయతీలకిచ్చిన నిధుల్లో 60 శాతం మంచినీళ్లకూ పారిశుధ్యానికే కట్టిపడేసింది. లేనిది స్థలం. “మా ఊళ్లో వద్దు” అన్న మాట ప్రతి ఊళ్లోనూ వినిపిస్తుంది. అది తప్పని నేననను. కంపు కొట్టే చోటును దళితవాడ పక్కన పెట్టడం మనకు పాత అలవాటు. ఈసారి ఆ అలవాటు పనికిరాదు. ఇళ్లకు దూరంగా, వాగుకు దూరంగా, లారీ తిరిగే దారి ఉన్న ప్రభుత్వ భూమిని గ్రామసభలో అందరి ముందూ ఎంచాలి.

కొత్తగా ఇల్లు కట్టేవాళ్లకు ఇంకో దారి ఉంది, రెండు గుంతల మరుగుదొడ్డి. ఒకటి నిండితే రెండోది వాడతారు, మొదటిది రెండేళ్లు మూసి ఉంచితే మట్టిలా మారుతుంది. 2017 ఫిబ్రవరిలో కేంద్ర కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ వరంగల్ జిల్లా గంగదేవిపల్లిలో అలాంటి గుంతలోకి తానే దిగి ఆ ఎరువును చేత్తో తీశారు. ఒక పెద్ద అధికారి దిగితే వార్త అయింది. దిగడానికి భయపడక్కర్లేని గుంత కావడమే అందులో అసలు విషయం. నీళ్లు దిగని నల్లరేగడిలో దీనికీ జాగ్రత్తలు కావాలి, చుట్టూ ఇసుక పొర పెట్టాలి.

తిరునాళ్ల సంగతి వేరే. మాఘంలో పెనుగంచిప్రోలు తిరుపతమ్మ పెద్ద తిరునాళ్లకు ట్రాక్టర్లలో, బండ్లలో జనం వచ్చి మునేరు ఒడ్డున దిగుతారు. అక్కడే వండుకుని, అక్కడే పడుకుంటారు. తిరిగే ఇల్లంటే నిజానికి మనకు ఆ ట్రాక్టరే. తాత్కాలిక మరుగుదొడ్లు పెడతారు, నిండుతాయి, మళ్లీ అదే బండి, అదే ప్రశ్న. వేదాద్రి నరసింహస్వామి దగ్గర మెట్లు దిగితే కృష్ణే. 2016 పుష్కరాలు చూశాం, వచ్చే కృష్ణా పుష్కరాలు 2028లో. ఘాట్లకు, రోడ్లకు, దీపాలకు ప్రతిపాదనలు వెళ్లేటప్పుడు నందిగామ, జగ్గయ్యపేట వైపు మడ్డి మడులు కూడా అందులో రాయించాలి. హైవే మీద చిల్లకల్లు, కీసర టోల్‌గేట్ల దగ్గర పొద్దస్తమానం ఆగే లారీలకూ బస్సులకూ ఉన్న మరుగుదొడ్ల మడ్డి, దాబాల ట్యాంకుల మడ్డి కూడా అక్కడికే పోవాలి. కేరళ 2021లో క్యారవాన్ పర్యాటకం మొదలుపెడుతూ బండ్లు ఆగే పార్కులు కూడా ఉండాలంది. రేపు మన హైవే మీదికీ అలాంటి బండి వస్తే దానికీ అదే చోటు పనికొస్తుంది.

పుష్కర పనుల ప్రతిపాదనలు మండలాల నుంచి పైకి వెళ్లేలోగా ఈ రెండు చోట్లకు సర్వే నంబర్లు తేల్చడం నందిగామ రెవెన్యూ డివిజన్ చేతిలో పని. గ్రామసభలో ఆ అంశం పెట్టించడం సర్పంచుల పని, పెట్టకపోతే అడగడం మన పని. పుష్కరాలకు ముందు ఒక వానాకాలమైనా మడులు నడిచి ఉంటే లోపాలు సరిదిద్దుకోవచ్చు, కాబట్టి స్థలం తేలాల్సింది ఈ వేసవిలోనే.