మన డైరీలో మన పని ఏదీ?



ఏటా జనవరి వచ్చిందంటే మా ఇంటికి రెండో మూడో డైరీలు వస్తాయి. అట్ట బాగున్నది మా ఆయన తీసుకుంటారు. కాస్త నలిగింది నాకు దక్కుతుంది. ఈ ఏడాది నాకు దక్కినదాంట్లో రోజుకొక పేజీ, గంటకొక గీత ఉన్నాయి. గంటలు ఉదయం తొమ్మిదితో మొదలై సాయంత్రం ఆరుతో అయిపోతాయి. తొమ్మిదికి నేను బుచ్చిరెడ్డిపాలెం బస్టాండులో నిలబడి ఉంటాను. అప్పటికి నేను లేచి నాలుగున్నర గంటలయి ఉంటుంది. ఆ నాలుగున్నర గంటలకు డైరీలో గీత లేదు. ఆరు దాటిన తర్వాత కూడా లేదు. దాన్ని అచ్చు వేయించినవాళ్ళు ఎవరి రోజును మనసులో పెట్టుకున్నారో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ సంచికకు గృహహింస చట్టం అమలు మీద రాద్దామనుకున్నాను. కానీ ఫిబ్రవరిలో నేను చేసిన ఒక తప్పు ఒప్పుకోకుండా చట్టం గురించి మాట్లాడటానికి మనసొప్పలేదు.

మనోవర్తి కేసులో వాయిదాకు తోడు వస్తానని ఒకమ్మాయికి మాటిచ్చాను. పొయ్యి దగ్గర నిలబడి, ఫోను భుజానికి ఆనించుకుని ఇచ్చిన మాట అది. మండల సమావేశాలు, శిక్షణ శిబిరాలు, ప్రాజెక్టు రిపోర్టు గడువులు అన్నీ డైరీలోకి ఎక్కాయి. ఈ మాట ఎక్కలేదు. ఆ రోజు పేజీ ఖాళీగా కనబడింది కదా అని మా అత్తగారిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. పదకొండున్నరకు ఫోను. "అక్కా, పేరు పిలిచారు. నేనొక్కదాన్నే ఉండా." నేను పరిగెత్తుకు వెళ్ళేసరికి అంతా అయిపోయింది. వాయిదా అయిదు వారాలకు పడింది. ఆ పిల్ల నన్ను ఒక్క మాట అనలేదు. "మీకూ పనులుంటాయి కదక్కా" అంది. తిట్టినా అంత నొచ్చుకునేదాన్ని కాదు.

మతిమరుపు వస్తోందేమోనని భయపడ్డాను. ఆ రాత్రి కూర్చుని ఆలోచిస్తే తేలిందేమంటే, ఇంటి చాకిరీని, ఒకరికి తోడుగా వెళ్ళి కోర్టు వరండాలో కూర్చోవడాన్ని నేనే పనిగా లెక్కపెట్టడం లేదు. ఆడవాళ్ళ పనికి విలువ లేదని పదిహేనేళ్ళుగా మీటింగుల్లో చెబుతున్న నేను, నా డైరీలో దానికి గీత కూడా ఇవ్వలేదు.

మర్నాడు రెండొందల పేజీల లాంగ్ నోటుబుక్కు కొన్నాను. స్కేలు పెట్టి తెల్లవారుజామున నాలుగున్నర నుంచి రాత్రి పదిన్నర దాకా గడులు గీశాను. పదిహేను రోజులు చేసిందల్లా దాచుకోకుండా రాశాను. ఇంటి పని రోజుకు అయిదున్నర గంటలకు తగ్గలేదు. వంట, గిన్నెలు, నీళ్ళు పట్టడం, అత్తగారి మందులు గడుల్లో పట్టాయి. రేపు ఏం వండాలో, గ్యాసు ఎప్పటికి అయిపోతుందో, ఎవరికి ఏ కూర పడదో తలలో తిప్పుకుంటూ ఉండే పని మాత్రం ఏ గడిలో రాయాలో తెలియలేదు. అది బస్సులో వెళుతున్నప్పుడూ, మీటింగులో కూర్చున్నప్పుడూ కూడా నడుస్తూనే ఉంటుంది.

నా ఒక్కదాని సంగతే అయితే పత్రికకు ఎక్కించేదాన్ని కాదు. మన దేశంలో ఎవరు దేనికి ఎంత కాలం ఖర్చుపెడుతున్నారో ప్రభుత్వం మొదట 1998-99లో ఆరు రాష్ట్రాల్లో లెక్క తీయించింది. మన రాష్ట్రం ఆ ఆరింటిలో లేదు. దేశమంతటా తీసిన మొదటి లెక్క 2019ది. తర్వాతది 2024ది. దాని ప్రకారం, జీతం లేని ఇంటి పని చేసే స్త్రీలు రోజుకు 289 నిమిషాలు ఆ పనిలో ఉంటున్నారు. ఆ పనిలో చెయ్యి పెట్టే మగవాళ్ళు 88 నిమిషాలు. అసలు చెయ్యే పెట్టని మగవాళ్ళు ఈ 88లో లేరు. పిల్లల్ని, ముసలివాళ్ళను చూసుకోవడం వేరే లెక్క.

రాసిన నిమిషాలకు బలం ఉంటుంది. ఇల్లు చూసుకునే స్త్రీలను జనాభా లెక్కల్లో బిచ్చగాళ్ళతో, ఖైదీలతో కలిపి పని చేయనివారి కింద వెయ్యడాన్ని సుప్రీంకోర్టు 2010లోనే తప్పుపట్టింది. 2021 జనవరిలో ఒక రోడ్డు ప్రమాదం కేసు తీర్పులో జస్టిస్ ఎన్.వి. రమణ 2019 లెక్కను ఉదహరించి, గృహిణి పనికి ఆదాయం కట్టి పరిహారం ఇవ్వడం ఎందుకు న్యాయమో వివరంగా రాశారు. మంచి తీర్పే. కానీ ఆమె పనికి వెల కట్టింది ఆమె లారీ కిందో కారు కిందో పడి చనిపోయిన తర్వాత అని గుర్తుపెట్టుకోండి. బతికుండగా ఆ లెక్క ఎవరు రాస్తారు?

మా నోటుబుక్కును సంఘం మీటింగుకు తీసుకెళ్ళాను. కనిగిరి రిజర్వాయరు కింద నాట్లకు, కలుపుకు వెళ్ళే ఆడవాళ్ళు ఎక్కువమంది వచ్చారు. పాత క్యాలెండరు కాగితాల వెనక గడులు గీసి తలా ఒకటి ఇచ్చాం. ఒకామె కాగితం చూసి, "రాసుకుంటే పని తగ్గుద్దా అక్కా?" అని అడిగింది. తగ్గదనే చెప్పాను. ఇంకేం చెప్పను? అయినా నింపారు. చదువు రానివాళ్ళకు పక్కనున్నవాళ్ళు రాసిపెట్టారు. అందరి కాగితాలూ గోడకు వరసగా అంటించి చూస్తే, మేము ఏళ్ళ తరబడి మీటింగు పెడుతున్న పదకొండు గంటలకు ఒక్క కాగితంలో కూడా ఖాళీ లేదు. "మీవాళ్ళు టైముకు రారు" అని రిపోర్టుల్లో రాసిన చేతులు మావే.

మన నెల్లూరు జిల్లాలో ఈ మాట మరీ గుర్తుకు రావాలి. 1991లో అక్షరాస్యతా ఉద్యమం వచ్చినప్పుడు బడి పెట్టింది రాత్రిళ్ళు. పగలంతా పొలంలో వంగి, ఇంటికొచ్చి వండి, అందరికీ పెట్టి, ఆ తర్వాత లాంతరు ముందు కూర్చున్నారు. వాళ్ళు చదివిన పాఠాల్లోంచి, సీతమ్మ కథలోంచి దూబగుంట సారా పోరాటం పుట్టింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ చరిత్ర మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ రాత్రి గంట వాళ్ళ నిద్రలోంచి తీసిందని చెప్పుకోము. తర్వాత పొదుపులక్ష్మి వచ్చింది, రోజుకు రూపాయి. పాసుపుస్తకంలో రూపాయికి గడి పెట్టాం, గంటకు పెట్టలేదు.

ఇక చట్టం దగ్గరికి వస్తాను. 2005 గృహహింస చట్టం ప్రకారం దరఖాస్తు అందిన మూడు రోజుల్లోపు మామూలుగా మొదటి విచారణ తేదీ వెయ్యాలి. ఆ విచారణ నుంచి 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. ఎన్నిచోట్ల అలా జరుగుతోందో మీకు తెలుసు. ఆలస్యమైందని నిలదీయడానికి మన దగ్గర తేదీలు ఉండాలి కదా? వచ్చిన మనిషిని "ఎప్పుడు కొట్టాడమ్మా?" అంటే "శానాసార్లు" అంటుంది. నిజమే, కానీ దరఖాస్తులో "శానాసార్లు" నిలబడదు.

ఒకామె మాత్రం గోడ క్యాలెండరు చుట్టి చంకలో పెట్టుకుని వచ్చింది. మన ఇళ్ళలో ఆడవాళ్ళ డైరీ ఎప్పుడూ అదే కదా. పాల లెక్క, గ్యాసు తేదీ, చీటీ డబ్బులు, అన్నీ ఆ గడుల్లోనే. పాల గీతల కింద కొన్ని తేదీలకు చిన్న చుక్కలున్నాయి. చుక్క అంటే దెబ్బ. రెండు చుక్కలుంటే ఆస్పత్రి. అతను రోజూ ఆ క్యాలెండరు చూసి జీతం రోజు లెక్కపెట్టుకునేవాడు, చుక్కల్ని పట్టించుకోలేదు. పదకొండు నెలల తేదీలు ఆమె గడగడా చెప్పింది.

అందరికీ ఇది క్షేమం కాదు. నోటుబుక్కు మొగుడి చేతికి దొరికి మళ్ళీ దెబ్బలు తిన్నవాళ్ళనూ చూశాను. ఫోనులో రాసుకోమంటే, ఆ ఫోను ఇంటిల్లిపాదిదీ. అందుకే కేసులున్నవాళ్ళ పుస్తకం సంఘం బీరువాలో పెట్టండి, ఇంట్లో చుక్క చాలు.

కార్యకర్తలకు ఒకటి రెండు సంగతులు. వారం మొత్తం ఒకే పేజీ మీద కనబడేట్టు గీసుకోండి. ముందు ఇంటి పని రాయండి, ఆ తర్వాతే ఆఫీసు పని, లేకపోతే ఇంటి పని మళ్ళీ నిద్రలోంచే పోతుంది. నోటితో ఇచ్చిన మాట అప్పటికప్పుడు రాయండి, పెన్ను పొయ్యి దగ్గరే ఉండనివ్వండి. వారంలో ఒక పూట ఏమీ రాయకుండా వదలండి, ఎవరో ఒకరు ఏడుస్తూ వస్తారు. పని పక్కన "ఎవరు" అని ఇంకో గడి గీయండి. అంగన్‌వాడీ చెల్లెళ్ళు ఇప్పటికే రిజిస్టర్లతో, ఫోను యాప్‌లతో చస్తున్నారు. వాళ్ళ మీద ఇంకో పుస్తకం రుద్దమని నా ఉద్దేశం కాదు. పై అధికారికి చూపించే పుస్తకం వేరు, ఇది వేరు. దీన్ని అడిగే హక్కు ఎవరికీ లేదు.

మా ఇంట్లో "ఎవరు" గడిలో మొదటి వారమంతా నా పేరే. దాన్ని వంటింటి గోడకు అంటించాను. మా అబ్బాయి నీళ్ళ దగ్గర వాడి పేరు రాసుకున్నాడు. మా ఆయన మూడు వారాలు గిన్నెలు తోమారు, నాలుగో వారం మోకాలి నొప్పి వచ్చింది. దాని మీద మాట్లాడుకోవడం ఇంకా పూర్తి కాలేదు. అత్తగారు మాత్రం, "నా పేరు ఏదీ?" అని అడిగి చిక్కుళ్ళు ఒలవడం తన పేరున రాయించుకున్నారు.

సంఘం మీటింగు ఇప్పుడు మధ్యాహ్నం మూడింటికి పెడుతున్నాం. పోయినసారి ఎప్పటికంటే ఎక్కువమంది వచ్చారు, పిల్లల్ని కూడా తెచ్చారు. మీటింగు గోలగోలగా జరిగింది.

ఆ అమ్మాయి వాయిదా వచ్చే గురువారం. ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం దాకా గడులన్నీ కలిపి గీత గీసి, ఆమె పేరు రాశాను. ఆ రోజు వంట గడిలో మా ఆయన పేరు ఉంది. ఆయనే రాశారు.