మొసలి బతికింది, మరి రేవు మాటేమిటి?

తరతరాలుగా ఒడిశాలో ఉంటున్న మనం భితరకనిక మొసళ్ల వార్తలు పేపర్లో చదివి పక్కన పెట్టేస్తాం. ఈసారి కాస్త ఆలోచిద్దాం.

1975 నాటికి అక్కడ మిగిలిన ఉప్పునీటి మొసళ్లు వంద లోపే. తోలు కోసం వేటాడి ఆ గతి పట్టించారు. అప్పుడు శాస్త్రవేత్త బస్టర్డ్ సలహాతో, సుధాకర్ కర్ లాంటి పరిశోధకులు, అటవీ సిబ్బంది కలిసి డాంగమాల్‌లో పని మొదలుపెట్టారు. గూళ్ల నుంచి గుడ్లు తెచ్చి పొదిగించారు. పిల్లల్ని పెంచి వాగుల్లో వదిలారు. ఏటా జనవరిలో లెక్కపెడుతున్నారు. ఇప్పుడు 1,800 దాటాయి. మొసళ్ల పెంపకంలో సిబ్బందికి శిక్షణ ఇచ్చే కేంద్రం అప్పట్లో మన హైదరాబాద్‌లోనే ఉండేది.

సంతోషమే. కానీ స్నానానికో, గిన్నెలు తోమడానికో రేవుకు వెళ్లినవాళ్లు తిరిగి రావడం లేదు. కంచెలు కట్టినా దాడులు ఆగలేదు. నీళ్లలో మొసలిదే బలమని చిన్నప్పుడే చదువుకున్నాం. అందుకే నీళ్లలోకి దిగాల్సిన అవసరమే తప్పించాలి. ఇంటికో కుళాయి, ఇంటికో స్నానాల గది. మొసలి కోసం యాభై ఏళ్లు పట్టిన ఓపిక మనిషి కోసమూ పడితేనే ఆ పని పూర్తయినట్టు.

సంఘం తరఫున ఒక వినతిపత్రం ఇద్దామా? మీ మాట చెప్పండి.